బోనానికి ముందటి మాత్ర

మామిడిపల్లి చరిత్రను విమానాశ్రయానికి ముందు, విమానాశ్రయం తర్వాత అని రెండు యుగాలుగా విడదీస్తుంటారు. అది పొరపాటు. స్వరాజ్యం చల్లారిన చాయ్‌తో నెలసరి వాయిదా మాత్రను తొలిసారి మింగిన ఉదయమే అసలు యుగారంభం. అప్పటికామె కొత్తగా వచ్చిన పెద్దకోడలు. పోచమ్మకు ఇంటి బోనం పెద్దకోడలే ఎత్తాలి. ఎత్తేనాడు ముట్టు ఉండరాదు. మందుల దుకాణంవాడు డాక్టరు చీటీ అడగలేదు. పోచమ్మ కూడా అడగలేదు.

బోనాలతో మొదలైన మాత్ర పెళ్లిళ్లకూ, గృహప్రవేశాలకూ, వ్రతాలకూ పాకింది. చుట్టాలు ముహూర్తాలు పెట్టుకునేవారు, స్వరాజ్యం ఒళ్లు సర్దుకునేది. ఆమె పని ఎయిర్‌పోర్టులో బాత్రూములు కడగడం. విమానం ఆలస్యమైందని జనం గోల చేస్తుంటే ఆమెకు నవ్వొచ్చేది. వాయిదా వేయడం తనకెంత సులువు!

నలభై దాటాక ఒళ్లు సర్దుకోవడం మానేసింది. నెలలో సగం రోజులు రక్తం పోయేది. పొట్ట ఉబ్బింది. "ఈ వయసుల ఇదేందే?" అని అత్త శివమ్మ అనుమానంగా చూసింది. స్కానింగ్ చేస్తే గర్భసంచిలో కొబ్బరికాయంత గడ్డ కనిపించింది.

"క్యాన్సర్ కాదమ్మా. కానీ హార్మోన్ల మీద బతికే గడ్డ ఇది," అంది డాక్టర్ మాధవీలత. "ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ రెండూ దానికి మేతే. మీరు మింగే మాత్రలోనూ ప్రొజెస్టరాన్ లాంటి మందే ఉంది. గడ్డ దానివల్లే పుట్టిందని చెప్పలేను. ఇకమీదట మాత్రం ముట్టుకోకండి."

"ఇన్నేండ్లు ఆపుతున్న అనుకున్న. మేపుతున్ననా మేడం?"

"వయసు మళ్లి నెలసరి పూర్తిగా ఆగిపోతే మేత తగ్గి అదే చిన్నదవుతుంది."

"గట్లయితే అందాక ఓపిక పడ్త."

"ఓపిక ఉందమ్మా మీకు. ఒంట్లో రక్తమే లేదు. గర్భసంచి తీసేయాలి. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు."

ఆపరేషన్‌కు ఇచ్చిన తేదీ బోనాలకు వారం ముందు పడింది. పండుగ అయ్యాకే చేయించుకుంటానంది స్వరాజ్యం.

"జర ఆలోచించు," అన్నాడు భర్త వీరేందర్. "పోచమ్మ ఏడికి పోతది?"

"బోనం ఎవరెత్తుతరు? నువ్వెత్తుతవా?"

స్వరాజ్యం దవాఖానకు పోలేదు. మందుల దుకాణానికి పోయింది. ఇదే ఆఖరుసారి అని గట్టిగా అనుకుంది.

బోనాలనాడు పొద్దున కుండకు పసుపు పూస్తుండగా మాత్ర మొదటిసారి మాట వినలేదు. మొదలైన రక్తస్రావం ఆగలేదు. ఆమె గడపలోనే కూలిపోయింది. ఆటోలో వేసుకుని పోయి, ముక్కూమొహం తెలియనివాళ్ల రక్తం ఎక్కించి, గర్భసంచి తీసేశారు. ప్రాణం దక్కింది. గంటలకొద్దీ నిలబడే పని ఇక కుదరదన్నారు.

మర్నాడు తెలివి రాగానే ఆమె అడిగింది, "బోనం?"

జావ కలుపుతున్న తోటికోడలు సరిత తలెత్తింది. "నేనెత్తిన అక్కా."

"తప్పేం జరగలే గద?"

సరిత తలుపు వైపు చూసింది. శివమ్మ వరండాలో ఎవరితోనో మాట్లాడుతోంది.

"నాగ్గూడ గా దినం ముట్టే అక్కా. నోరు మూసుకొని ఎత్తిన."

ఊళ్లో ఎవరికీ ఏమీ కాలేదు.