మేకుల పొట్లంలో గోల్ఫు పాఠం

ఆ చెక్కపలకను తలుచుకుంటే నాకు ఇప్పటికీ రోత పుడుతుంది. పుదుచ్చేరి సముద్రం ఒడ్డున, మా మేనమామ ఆదివారం సాయంత్రాలు గడిపే మట్టి మైదానంలో, ఒక వేపచెట్టుకు దాన్ని వేలాడదీసేవారు. దాని మీద ఒక ఆడమనిషి వెనకవైపు బొమ్మ. పావడా పైకెత్తి, ఒంగి ఉంటుంది. గీసినవాడు పిరుదులకు మంచి గులాబిరంగే వేశాడట. నేను చూసేనాటికి వందలాది మీసాల జిడ్డు, తమలపాకుల రసం, ముక్కుపొడి, చుట్టల కంపు అన్నీ పేరుకుని తారురోడ్డు రంగుకు తిరిగింది. ఈగలు కూడా దాని మీద వాలే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునేవి.

ఆ పలక ఎందుకంటే బూల్ ఆట కోసం. ఫ్రెంచివాళ్ళు పోతూ పోతూ మా ఊళ్ళో వదిలేసిన వాటిల్లో అదొకటి. బత్తాయంత ఇనుపగుండును విసిరి, దూరాన ఉన్న చిన్న చెక్కగోలీకి దగ్గరగా వేయాలి. దగ్గరగా వేసినవాళ్ళకు పాయింటు. ముందు పదమూడు చేసినవాళ్ళు గెలిచినట్టు. ఒక్క పాయింటు కూడా చేయకుండా ఓడినవాడు మాత్రం అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని ఆ పలకను ముద్దు పెట్టుకోవాలి. జంటగా ఓడితే ఇద్దరూ పెట్టుకోవాలి. ఛీ! ఏ ముహూర్తాన ఎవడికి తోచిందో ఈ ఆచారం!

మా మామకు బజారులో ఇనుప సామాన్ల కొట్టు. నాలుగేళ్ళుగా మైదానం పక్కన సిమెంటు బల్ల మీద కూర్చుని ఆటగాళ్ళందరికీ సోడాలు తాగించాడు. ఆ సోడాలన్నీ ఒకచోట పోస్తే పడవ నడిచేది. అయినా ఒక్కనాడూ ఆయన్ను ఆడనివ్వలేదు. అక్కడ పెత్తనమంతా సొల్దా తాతది. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను పుచ్చుకునేవాళ్ళను మా ఊళ్ళో సొల్దా అంటారు. ముదలియార్‌పేటలో ఉండే ఈ తాత తెలుగింటివాడే. ఆయన మీసం మీద ఒక కాకుల జంట సుఖంగా కాపురం చేసుకోవచ్చు.

డెబ్బయ్యో దశకం చివర్లో, నేను కాలేజీలో చదువుకునే రోజుల్లో, ఒక ఆదివారం మామ తెగించి అడిగాడు.

"ఒక్కసారి నన్నూ ఆడనీ అన్నా."

"నీకు తూకంరాయి పట్టేది తెలుసు శెట్టీ. గుండు పట్టేది యాడ తెలుసు?" అన్నాడు తాత. అందరూ నవ్వాక మీసం సవరించుకుని, "సరి. వచ్చే వారం నీ అల్లుణ్ణి జత తెచ్చుకో. మీరు ఒక్క పాయింటు చేసినా ప్రతి ఆదివారం మాతో ఆడుకో. సున్నా అయితే ఆ అమ్మకు ముద్దుపెట్టేసి, మళ్ళీ బల్ల మీదనే కూర్చో," అన్నాడు.

రెండు రోజులు మామకు అన్నం సయించలేదు. అంటే ఇద్దరి అన్నం బదులు ఒకరి అన్నమే తిన్నాడు.

కొట్లో మేకులు పొట్లాలు కట్టడానికి పాత ఇంగ్లీషు పత్రికలు వాడేవాళ్ళు. మంగళవారం నాడు మామ అందులోంచి ఒక చిరిగిన కాగితం పట్టుకొచ్చాడు. దాని మీద టోపీ పెట్టుకున్న ఒక దొర ఒంగి, కాలి దగ్గరున్న తెల్లటి బంతిని చూస్తున్నాడు. చేతులూ, చేతుల్లోని కర్రా చిరుగులో పోయాయి.

"ఒరే అల్లుడా, ఇది ఏందిరా, మన గుండాట మాదిరే ఉండాదే?"

చదివాను. కొత్తగా గోల్ఫు ఆడేవాళ్ళు తమ ఆట బాగు చేసుకోవడానికి సులభ మార్గాలట. ఒక్క మాట నిజం చెబితే అక్కడితో పోయేది. కానీ నా నోరు పుట్టినప్పటి నుంచీ నా శత్రువు.

"మన ఆటే మామా. దొరలు రాసింది," అన్నాను.

ఆ సాయంత్రం నుంచే మూలకుళంలో ఆయన ఇంటి పెరట్లో సాధన మొదలైంది. మొదటి మార్గం: దెబ్బ పడేదాకా తల ఎత్తకూడదు. మామ గుండు విసిరి, నేల వైపే చూస్తూ, "యాడ పడిందిరా?" అని అడిగేవాడు. "అత్త వడియాల మీద," అనేవాణ్ణి. రెండో మార్గం: ఎడమచేయి వంచకూడదు. విసిరేది కుడిచేత్తో కాబట్టి, ఎడమచేయి ట్రాఫిక్ పోలీసులా చాచి నిలబడేవాడు. మూడోది, నడుము పూర్తిగా తిప్పాలి. మామ తిరిగిన కాసేపటికి బొజ్జ తిరిగొచ్చి ఆయన్ను కలుసుకునేది. నాలుగోది, పట్టు వదులుగా ఉండాలి. ఆ చెమట చేతుల్లో పట్టు వదిలితే గుండు ఏ దిక్కుకు పోతుందో గ్రహాలకే తెలియాలి.

"ఏంది ఈ కూత్తు, ఈ తైతక్కలు? పెరడంతా గుంతలు!" అని అత్త మొత్తుకుంది.

"నీకేం తెలుసు? దొరలు రాసిపెట్టిండారు," అన్నాడు మామ.

అప్పుడైనా చెప్పాల్సింది. నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టేసి చెప్పలేకపోయాను. జతగాణ్ణి నేనేనన్న సంగతి కూడా నవ్వులో కొట్టుకుపోయింది.

ఆదివారం వచ్చింది. తాత, ఆయన తమ్ముడు ఒక జట్టు. మామ, నేను ఒక జట్టు. ఊళ్ళో సగం మంది అక్కడే ఉన్నారు. మిగతా సగం దారిలో ఉన్నారు. ఐదు సున్నా. తొమ్మిది సున్నా. మామ పట్టు వదులు చేసి చెయ్యి వెనక్కి ఊపేసరికి గుండు జారి, వెనకాల సోడాబండి మీద పడి రెండు సీసాలు పగలగొట్టింది.

"శెట్టియారే, గోలీ ముందర ఉండాది, యెనక గాదు!" అని ఎవడో అరిచాడు.

నా గుండ్ల సంగతి చెప్పుకోవడానికి నాకే అసహ్యం. పన్నెండు సున్నా అయింది. పలక వైపు చూశాను. ఎవడో అప్పుడే దాని మీది దుమ్ము దులుపుతున్నాడు, మర్యాదగా.

"మామా, తల ఎత్తు," అన్నాను చెవిలో. "ఆ కాగితం ఈ ఆటది కాదు. కర్రతో కొట్టే వేరే ఆటది."

మామ నా వైపు చూశాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"మంగళవారం."

ఆయన ఎడమచేయి దించాడు. తల ఎత్తి, గోలీని చూసి, మామూలుగా విసిరాడు. గుండు దొర్లి దొర్లి గోలీకి జానెడు దూరంలో ఆగింది. మిగిలిన గుండ్లేవీ దాని దరిదాపులకు రాలేదు. చివరికి తాత చేతిలో ఒకటే మిగిలింది. ఆయన మీసం తడుముకుని విసిరాడు. ఠంగుమని మామ గుండు ఎగిరిపోయింది. తాతది అక్కడే కూర్చుంది.

పదమూడు సున్నా.

నేను చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తాను. రోడ్డవతల గోడ చాటున నక్కి చూశాను. మామ కండువాతో మొహం తుడుచుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ముద్దు పెట్టాడు. జనం ఈలలు వేశారు.

"ఇంకొకడు యాడ?" అన్నాడు తాత.

"వాడికి రోత అన్నా. వాడిది కూడా నేనే పెడతా."

మళ్ళీ ఒంగి, ఇంకోసారి పెట్టాడు. ఈసారి ఒక్కడూ ఈల వేయలేదు. తాత వచ్చి, మామ చెయ్యి పట్టుకుని లేపాడు.

"ఆఖరి గుండు ఎట్టేసినావో అట్టే వెయ్యి శెట్టీ. అరచెయ్యి కిందికి పెట్టు. గుండు యాడ పడాలో ఆడే చూడు. అంతే. వచ్చే వారం రా."

"పాయింటు చెయ్యలేదు గదన్నా."

"రెండు ముద్దులు పెట్టినోణ్ణి బల్ల మీద కూర్చోబెట్టేదానికి నాకు సిగ్గు. రా."

ఇంటికొచ్చి మామ ఉప్పునీళ్ళతో గంటసేపు పుక్కిలించాడు. బావిలో సగం నీళ్ళు అయిపోయాయి. అత్త ఎందుకని అడిగితే, నోట్లో ఇసుక పడిందన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆ రాత్రి నాకు అన్నం దిగేది.

మరుసటి ఆదివారం గుండ్ల సంచీ సైకిలు హ్యాండిలుకు తగిలించాడు. నేను చెప్పులు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను.

"మామా, నేనూ రానా?"

"వద్దులేరా," అన్నాడు, కోపం లేకుండానే. "నువ్వు చదువుకో."

సైకిలు వెనక ఖాళీ క్యారియరు గడగడలాడుతుండగా వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.