అద్దాలు వదలని డ్రైవరు

లారీ డ్రైవరు వీరాంజనేయులు ఇంట్లోకి కంప్యూటరు దిగిందని విన్న పూట నేను అన్నం పొయ్యి మీదే వదిలేసి వెళ్ళాను. అన్నం మాడింది. మాడితే మాడింది, ఆ ఇంట్లోకి కొత్త వస్తువు రాగా చూసి ఎన్నాళ్ళయిందో! నల్లపాడులో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య పిట్టగోడ ఒక్కటే అడ్డం. అతను నన్ను అక్కా అంటాడు, అతని భార్య కోటేశ్వరి వదినా అంటుంది. తలుపు కొట్టి వెళ్ళే మర్యాదలు మాకు లేవు.

వీరాంజనేయులు మీసాలు మొలిచినప్పట్నుంచీ మిర్చి లోడు తోలినవాడు. గుంటూరులో బస్తాలు ఎక్కితే నాగపూరు, ఢిల్లీ, కలకత్తా. ఇంటికొచ్చిన నాలుగు రోజులూ నిద్రే నిద్ర. లేచాడంటే మళ్ళీ హారన్ మోగేది. అట్లాంటివాడు రెండేళ్ళ కిందట ఒక మిట్టమధ్యాహ్నం లోడు మీద పట్టా పరిచి తాడు బిగిస్తుంటే, తాడు తెగి, బస్తాల మీంచి వెల్లకిలా పడ్డాడు. వెన్నుపూసకి ఆపరేషన్ చేశారు. నడుస్తాడు, కూర్చుంటాడు, అన్నం తింటాడు. కానీ ఆ కుదుపుల్లో లారీ సీటు మీద కూర్చోవటం మటుకు ఇక లేదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆ రోజు నుంచి మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవటం మొదలుపెట్టాడు. ఎవరొచ్చి పలకరించినా "ఊఁ" అనేవాడు. నేనైతే ఊరుకోను గదా, ఏదో ఒకటి అడుగుతూనే ఉండేదాన్ని. నా ప్రశ్నలకి కూడా ఆ "ఊఁ" ఒక్కటే జవాబు.

ఇల్లు కోటేశ్వరి మీద పడింది. కోల్డు స్టోరేజీల దగ్గర మిరపకాయలకి తొడిమలు తీసే పనికి పోతుంది. పొద్దున పోయి సాయంత్రం తిరిగొస్తే చేతులు నిప్పుకణికలు. మజ్జిగలో ముంచినా, కొబ్బరినూనె పూసినా ఆ మంట ఓ పట్టాన దిగదు. ఆ చేతులతోనే బియ్యం కడగాలి, ఆ చేతులతోనే మొగుడి నడుముకి ఆయింట్‌మెంటు రాయాలి. ఆయింట్‌మెంటు వేడో, మిరపకాయ వేడో తెలియక అతను మూలిగేవాడు.

ఇంతలో ఫోను పాడైందని వీరాంజనేయులు స్టేషన్ రోడ్డులో మహిమ కొట్టుకి పోయాడు. మహిమ మా ఊరి చర్చి పాస్టరుగారి మేనకోడలు. ఫోన్లూ కంప్యూటర్లూ బాగుచేస్తుంది, నోరు మంచిది, పని చెప్తే రేపంటుంది కానీ చేస్తుంది. ఆ పూట ఎవరిదో కంప్యూటరు బాగుచేసి, ఎట్లా నడుస్తుందో చూద్దామని లారీ తోలే ఆట పెట్టిందట. తెర మీద స్టీరింగు, ముందర రోడ్డు, పక్కన గేర్లు. వీరాంజనేయులు కాసేపు నిలబడి చూసి, "నేనోసారి పట్టుకోనా అమ్మాయ్?" అన్నాడట. కొట్టు కట్టేసే వేళయినా లేవలేదట. ఇంటికొచ్చి, పడ్డాక లారీ ఓనరు ఇచ్చిన డబ్బులో మందులకి పోగా మిగిలింది తీసి, కంప్యూటరు కట్టించుకుంటానన్నాడు. ఇన్నాళ్ళకి గోడవైపు నుంచి ఇటు తిరిగి మాట్లాడాడు గదా అని కోటేశ్వరి కాదనలేకపోయింది.

మహిమ వచ్చి వైర్లు తగిలిస్తుంటే నేను పక్కనే పీట వేసుకున్నాను.

"ఏమమ్మాయ్, ఈ పెట్టెలో అసలు ఏముంటది?"

"చానా ఉంటాయి ఆంటీ. ఆటకి మాత్రం రెండు ముఖ్యం. ప్రాసెసరు లెక్క కడుతుంది, ఏ బండి ఎక్కడుంది, ఎటు తిరుగుతుంది, ఎంత జోరు మీద ఉంది అని. ఆ లెక్క అందుకుని గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీస్తుంది. తక్కువలో కొనేటప్పుడు రెండూ జోడు కుదరాలి."

"మరి కుదిరిందా?"

మహిమ వీరాంజనేయులు వైపు చూసింది. "అంకుల్‌కి చెప్పా, రెండూ మధ్యరకం తీసుకోండని. వినలా. ఉన్నదంతా కార్డు మీద పెట్టారు, ప్రాసెసరు కొట్టులో ఉన్నవాటిల్లోకల్లా చిన్నది వేయించుకున్నారు."

"బొమ్మ గీసేది కార్డేగా?" అన్నాడతను. "ఇంజను అదే. ఇంజను పెద్దదైతే లోడు దానంతటదే లాగుద్ది. పన్నెండు చక్రాల బండి ఎక్కినోణ్ణి, నాకు చెప్తారేంటి?"

ఇంజను అనుకున్నది ఇంజను కాదని అప్పుడు మాకెవరికీ తెలియదు. ఆట మొదలైంది. ఏదో చలిదేశపు రోడ్డు, కుడివైపున నడపాలట. మొదట్లో తిట్టుకుంటూ ఎడమకి పోయి ఎవర్నో గుద్దాడు. తర్వాత కుదురుకున్నాడు. ఆ ముఖం చూస్తే నాకే నిమ్మళంగా అనిపించింది.

ఆ నిమ్మళం నాలుగు పూటలు నిలవలేదు. బండి పోతూ పోతూ చటుక్కున బిగుసుకుపోయేది. అంతలోనే ఒక్క గెంతు గెంతేది. ఊళ్ళోకి వచ్చిందంటే మరీను, ఆగటం గెంతటం, ఆగటం గెంతటం. వీరాంజనేయులు కళ్ళు తిరిగి పెరట్లోకి పోయి కక్కుకున్నాడు. నీళ్ళిస్తే పుక్కిలించి, "డాక్టరు కుదుపులు వద్దన్నాడక్కా. ఇంట్లో కూర్చుని కొనుక్కున్నా కుదుపులు," అన్నాడు. నవ్వాడో మూలిగాడో పోల్చుకోలేకపోయాను.

మళ్ళీ గోడవైపు తిరిగాడు.

కోటేశ్వరి ఆ సాయంత్రం మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. అరవలేదు. అరిచే ఓపిక ఉంటే బాగుండేది.

"చూడు వదినా మా సంసారం. నేను కాయలు గిల్లుతా, ఈయన తెరలో లారీ తోలతాడు, ఆ లారీ కూడా నడవదు. ఆదివారం లోపల బాగైతే ఉంచుతా. లేకపోతే ఎంతకో కొంతకి ఇచ్చేసి ఆ డబ్బు మందులకి పెడతా."

"ఇచ్చెయ్," అన్నాడు గోడలోంచి.

ఆ ఒక్క మాట నాకు నచ్చలేదు. పెట్టె పోతే పోద్ది, ఈ మనిషి మళ్ళీ ఇటు తిరుగుతాడా? మర్నాడు కోటేశ్వరి పని నుంచి వచ్చే వేళకి నేనే ఆటో ఎక్కి మహిమ కొట్టుకి పోయి, చేతిలో పని కింద పెట్టించి, వెంటబెట్టుకొచ్చాను.

మహిమ గదిలో అడుగుపెట్టి నోరు తెరిచింది. "అయ్యో, ఇదేంటి? దీనికి గౌనేశారే!"

కోటేశ్వరి కుట్టిన కవరు అది. పాత పట్టుచీర గుడ్డ, కింద కుచ్చులు. ఆ ఇంట్లో ఫ్రిజ్జుకి ఒకటి, మిక్సీకి ఒకటి, గ్యాసు సిలిండరుకి ఒకటి. మా వీధిలో ఎవరింటికి పోయినా అంతే. మాఘమాసం దాటిందంటే మిర్చి లారీలు ఈ వీధినే పోతాయి, ఎర్రటి దుమ్ము, తుమ్ములు. ఏ వస్తువుకి ముసుగు లేకపోయినా మూడు రోజుల్లో ఘాటెక్కుతుంది. అందుకని కొత్త వస్తువు రాగానే మేం ముందు కొలత తీసేది గుడ్డకి. ఆట ఆడేటప్పుడు కూడా ముసుగు వేసే ఉంది. తీయాలని ఎవరనుకుంటారు?

మహిమ కవరు లాగేసి పెట్టె మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేసుకుంది. "పెనం ఆంటీ, పెనం! గాలి లేక ఉడికిపోతుంది. వేడెక్కితే ప్రాసెసరు తనంతట తనే నెమ్మదిస్తుంది, కాలిపోకుండా."

"మరి దుమ్ము పడితేనో?" కోటేశ్వరి ఒప్పుకోలేదు. "నీ కొట్టు స్టేషన్ దగ్గర. మా దుమ్ము నీకేం తెలుసు?"

"దుమ్మూ పడకూడదు, గాలీ ఆడాలి."

ఇద్దరూ కాసేపు వాదించుకుని, చివరికి కోటేశ్వరే లేచి పాత దోమతెర ముక్క కత్తిరించి ముందువైపు మాత్రం కట్టింది. మహిమ ఆట పెట్టి చూస్తే బండి కొంచెం తేరుకుంది. కానీ ఊళ్ళోకి రాగానే మళ్ళీ గెంతులు.

మహిమ ఏవో మీటలు నొక్కి, తెర మూలన రెండు అంకెలు పెట్టించింది. "ఇది చూడండి అంకుల్. ప్రాసెసరు నూటికి నూరు పనిచేస్తుంది, ఇక దానికి చేతకాదు. మీ పెద్ద కార్డేమో సగం కూడా చేయట్లేదు. లెక్క వస్తే బొమ్మ గీద్దామని కూర్చుని ఎదురుచూస్తుంది."

అతను మంచం మీంచే తల తిప్పి చూశాడు, అర్థం కాలేదు. కోటేశ్వరి గుమ్మంలో నుంచి అంది, "తొడిమలు తీసేదాన్ని నేనొక్కదాన్నే ఉండి, కాటా వేసేవాళ్ళు, బస్తాలు కుట్టేవాళ్ళు పదిమంది బీడీలు కాల్చుకుంటా కూర్చున్నట్టు."

"సరిగ్గా అదే ఆంటీ!" అంది మహిమ.

వీరాంజనేయులు భార్యవైపు చూశాడు.

"ప్రాసెసరు మార్చాలంటే?" అడిగాను నేను.

"ఇప్పుడు మార్చాలంటే ఆంటీ, దాని కింద బోర్డు కూడా మారాలి. వద్దు. దాని పనే తగ్గిద్దాం. బొమ్మ నాణ్యం తగ్గించినా లాభం లేదు, ఆ పని కార్డుది, అది ఎట్లాగూ ఖాళీ. రోడ్డు మీద వేరే బండ్లు తగ్గిద్దాం. నడిచే మనుషుల్ని తీసేద్దాం. ఈ అద్దాలు కూడా తీసేద్దాం, వెనక కనపడే రోడ్డంతా మళ్ళీ కొత్తగా లెక్క కట్టాలి వాటికోసం."

మంచం మీద చప్పుడైంది. అతను లేచి కూర్చున్నాడు.

"అద్దాలు తీయటానికి వీల్లేదు."

"ఆటే గదా అంకుల్."

"అద్దం లేకుండా నేను బండి కదపను. క్లీనరుగా ఉన్నప్పుడు ముందు అద్దం తుడవటం నేర్పారు, తర్వాతే అన్నం పెట్టారు."

"వెనకాల ఎవరూ రారు అంకుల్! బండ్లన్నీ మనమే తీసేస్తున్నాంగా!"

"రాకపోయినా చూసుకోవాలి."

"ఏం మొండోడివయ్యా!" అన్నాను. "నడిచేవాళ్ళొద్దు, పోయే బండ్లొద్దు, అద్దాలు మాత్రం కావాలా?"

"కావాలక్కా."

ఆ మాటలో ఎన్నాళ్ళ నుంచో లేని గట్టిదనం ఉంది. కోటేశ్వరి పైట చెంగుతో ముఖం తుడుచుకోబోయి, చేతులు గుర్తొచ్చి ఆగింది. "ఉంచమ్మా అద్దాలు," అంది. "మిగిలినవి తీసెయ్."

మహిమ ఒక్కొక్కటే తీసుకుంటూ పోయింది. ముందు సగం బండ్లు తీసి చూసింది. గెంతింది. ఇంకాసిని తీసింది. అప్పుడూ గెంతింది. ఆఖరికి రోడ్డంతా ఖాళీ చేసి, అద్దాలు ఉంచి, లేచి చేతులు దులుపుకుంది. "ఇంతకంటే నా చేతిలో లేదు. ఊరి మధ్యకి పోతే ఇంకా కొంచెం తడబడొచ్చు."

శనివారం సాయంత్రం కోటేశ్వరి పని నుంచి వచ్చేసరికి అతను తెర ముందు కూర్చుని ఉన్నాడు. నడుముకి బెల్టు, కింద దిండు. పొద్దున బయలుదేరిన లోడట, ఇంకా దింపలేదట. నేను పీట మీద ఉన్నాను. కోటేశ్వరి కాళ్ళు కడుక్కుని వచ్చి నేల మీద చాప పరుచుకుని కూర్చుంది. ఆమె ఎప్పుడూ ఆ ఆట కూర్చుని చూడలేదు. అసలు అతని లారీ కూడా ఏనాడూ ఎక్కలేదు, మా పక్క డ్రైవర్లు ఆడవాళ్ళని క్యాబిన్ ఎక్కించరు.

రోడ్డు వస్తూనే ఉంది. బండి ఎక్కడా బిగుసుకోలేదు. ఎదురు వచ్చేవాడు లేడు, దాటిపోయేవాడు లేడు. కొండలు, పొలాలు, మళ్ళీ రోడ్డు. పెట్టెలోంచి ఫ్యాన్ల చప్పుడు.

చాలాసేపటికి ఆమె అడిగింది. "మనుషులేరీ?"

"ఉంటే నడవదు."

"నువ్వు తోలేటప్పుడూ ఇట్లాగే ఉండేదా?"

అతను అద్దంలోకి చూసి, గేరు మార్చి, అప్పుడు చెప్పాడు. "పగలు కాదు. రాత్రిళ్ళు ఇట్లాగే."

"ఇంత దూరం, ఎవరూ లేకుండానా?"

"ఊఁ."

ఆ "ఊఁ" మునుపటిది కాదు. నాకు తెలుసు, రెండేళ్ళుగా వింటున్నదాన్ని. కోటేశ్వరి మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది. "నాగపూరంటే ఊళ్ళూ, జనం, హోటళ్ళూ అనుకునేదాన్ని," అంది. "ఇంట్లో పడి నిద్రపోతుంటే తిట్టేదాన్ని."

అతను మళ్ళీ అద్దంలోకి చూశాడు. ఊరు వచ్చింది. ఊరి మధ్యలో ఒకసారి బండి తడబడింది. అతని భుజాలు బిగుసుకున్నాయి. మళ్ళీ సర్దుకుంది. గోడౌన్ ముందుకి తీసుకుపోయి వెనక్కి పెట్టి ఆపాడు. ఏదో మీట నొక్కాడు. లోడు మాయమైంది.

"దించటానికి కూలోళ్ళు రారా?" అంది కోటేశ్వరి.

"రారు. మీట నొక్కితే దిగిద్ది."

"అదృష్టవంతులు," అందామె, లేచి పొయ్యి వెలిగించటానికి పోతూ.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం దాకా చూశాను, ఎవరూ అమ్మే మాట ఎత్తలేదు. నాకు ఉండబట్టక గోడ మీంచి తొంగిచూసి, "ఏం కోటేశ్వరీ, పెట్టె సంగతేం చేశావు?" అనడిగాను.

"ఆయన లోడు ఎక్కించుకున్నాడు వదినా," అంది బట్టలు ఆరేస్తూ. "సాయంత్రానికి గానీ దిగడు. నువ్వు అన్నం తిన్నావా?"