కరెంటు పోతే బాపుకు పండగ

మా ఇంట్లో సాయంత్రం పూట కరెంటు పోతే రెండు కేకలు వినపడేవి. ఒకటి నాది: "అయ్యో, నా కొంప మునిగింది!" రెండోది బాపుది: "నా అంగీ ఏడున్నదే?" కంప్యూటర్‌లో సేవ్ చేయని బీటు గాలిలో కలిసిపోయిందని నేను తల పట్టుకుని కూర్చుంటే, ఆయన గుండీలు పెట్టుకుంటూ, చెప్పులు కూడా వేసుకోకుండా గుడికి పరిగెత్తేవాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారే, అది మా ఇంట్లో తండ్రీబిడ్డల మధ్యే నడిచేది. నాకు మస్తు కోపం వచ్చేది.

మాది ఉప్పుగూడ, రైల్వే స్టేషన్‌కు దగ్గరి గల్లీ. అమ్మవారి గుడి మా ఇంటి అరుగు మీది నుంచి కనపడుతుంది. ఆ గుడిలో డోలు వాయించడం మా తాత తండ్రి కాలం నుంచీ మా వాళ్ళ పని. నా చిన్నతనంలో పొద్దున, సాయంత్రం హారతి అంటే బాపు డోలే. తర్వాత ఎవరో భక్తుడు మొక్కు తీరిందని కరెంటు డోలు కొనిచ్చాడు. ఇనుప చట్రంలో చిన్న డోలు, పక్కన గంటలు, వెనక ఒక మోటారు. స్విచ్ వేస్తే చిన్న సుత్తులు లేచి బాదుతాయి. దణదణదణ, ఎప్పుడూ ఒకటే వేగం. స్విచ్ తీస్తే బంద్.

గుడి కమిటీ వాళ్ళు బాపును వెళ్ళగొట్టలేదు. చెడ్డవాళ్ళయితే తిట్టుకుని ఊరుకునేదాన్ని. "ఇన్నేండ్ల సంది ఉన్నవు, స్విచ్ నువ్వే వెయ్యి" అన్నారు. బాపు నోట్లో నాలుక లేని మనిషి, సరే అన్నాడు. అమ్మ ఊరుకోలేదు. "గా స్విచ్ ఏసుడు నేనెయ్యనా? గోడకున్న బల్లి ఎయ్యదా? గింత పనోనివి నువ్వెందుకు?" అని వారం రోజులు లొల్లి చేసింది. బాపు డోలును మాత్రం ఇంటికి తేలేదు, ఆ మిషన్ పక్కనే బట్ట కప్పి పెట్టుకున్నాడు. కరెంటు పోతే కావాలి కదా. అట్లా కరెంటు పోయిన సాయంత్రాలే ఆయన డోలు వాయించే సాయంత్రాలయ్యాయి.

నేను స్టేషన్ రోడ్డులో ఒక ఫోటో స్టూడియోలో పెళ్ళి వీడియోలు కత్తిరించి అతికించే పనిలో ఉండేదాన్ని. అప్పగింతల దగ్గర ఏడుపు పాట, బరాత్ దగ్గర దుమ్ము లేచే పాట. అక్కడే శబ్దాన్ని కోయడం, కలపడం నేర్చుకున్నాను. స్టూడియో వాళ్ళు పారేయబోయిన పాత కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చుకుని, ర్యాప్ పాడే పిల్లగాళ్ళకు బీట్లు చేయడం మొదలుపెట్టాను. రైలు పోయేదాకా ఆగి, ఫ్యాను బంద్ చేసి, చెమటలు కారుతుంటే తలుపుకు రెండు బొంతలు వేలాడదీసి గొంతులు రికార్డు చేసేదాన్ని. వచ్చినవాడు ప్రతివాడూ గడపలో నిలబడి లోపలికి తొంగిచూసేవాడు.

"బీట్లు చేసే అన్న లేడా?"

"అన్న లేడు, అక్కనే ఉన్నది. కూసో."

కొందరు కూర్చునేవారు. కొందరు మళ్ళీ వస్తామని పోయేవారు. ఇంకొందరు బీటు పట్టుకుపోయి, పాట బయటికి వచ్చాక నా పేరు మరిచిపోయేవారు. చుట్టాలయితే సరేసరి. ఆడపిల్ల, పెళ్ళీడు దాటుతోంది, ఈ ధన్‌ధన్ ఏంది అని అమ్మ చెవిలో పోరు. వాళ్ళందరికీ నా దగ్గర జవాబు ఉండేది, నాకు నోరుంది. చిక్కంతా బాపు దగ్గరే. ఒకరోజు ఆయన నా వెనక నిలబడి, స్పీకర్లలోంచి ఆగకుండా వస్తున్న డ్రమ్ము విని, "నీ డబ్బాల గూడ మోటరుందా బిడ్డా?" అని అడిగాడు. పరాచికం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. తన బువ్వ లాక్కున్న మిషన్ తమ్ముణ్ణి బిడ్డే ఇంట్లోకి తెచ్చి పెట్టిందని ఆయన బాధ. అది నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది.

నన్ను అక్కా అని పిలుస్తూ మొదటి రోజు నుంచీ నమ్మినవాడు బార్కస్ నుంచి వచ్చే ఒక ర్యాపర్. ట్రాలీ ఆటో నడిపేవాడు, లాడ్ బజార్ దుకాణాలకు గాజుల పెట్టెలు వేసేవాడు. ఒక సాయంత్రం అతని పాట రికార్డు చేస్తుంటే సరిగ్గా మంచి ముక్క దగ్గర కరెంటు పోయింది. నేను కేక వేశాను. బాపు అంగీ కోసం కేక వేశాడు, మా ఇద్దరి మధ్య నుంచే ఉరికాడు.

"క్యా అక్కా, లైట్ గయీ తో బాపు ఇంత ఖుష్ ఎందుకైతుండు?" అని నవ్వాడతను.

"రా, సూద్దువు గాని" అన్నాను. చేసేందుకు వేరే పని లేదు.

గుడిలో హారతి వెలుగు తప్ప వేరే వెలుగు లేదు. బాపు డోలు మెడకు తగిలించుకుని నిలబడ్డాడు. కుడి దిక్కు వేళ్ళతో, ఎడమ దిక్కు పుల్లతో. నేను చిన్నప్పుడు డోలును చూసేదాన్ని గానీ బాపు కళ్ళను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను. ఆయన డోలు వైపు చూడటం లేదు, పూజారి అయ్యగారి చేతిని చూస్తున్నాడు. హారతి పళ్ళెం మెల్లగా తిరిగితే మెల్లగా, చెయ్యి పైకి లేస్తే దెబ్బ పైకి, తిరుగుడు జోరందుకుంటే డోలు అంతకంటే అరవీసం ముందు. పళ్ళెం ఆగిన చోట ఒకే ఒక్క దెబ్బ, ఆ తర్వాత నిశ్శబ్దం. ఇంత దగ్గర ఇంత పెద్ద వాద్యగాడు ఉంటే నేను ఎక్కడెక్కడి డ్రమ్ములో ఏరుకొస్తున్నానా అనిపించి సిగ్గేసింది. ఆ మొత్తం ఫోన్‌లో రికార్డు చేశాను.

కరెంటు వచ్చాక కంప్యూటర్‌లో వేసి చూస్తే ఒక్క దెబ్బ కూడా తెర మీద తాళం కొలిచే గీత మీద లేదు. మా పనిలో ప్రతి దెబ్బనూ లాగి గీత మీద పెట్టడం అలవాటు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టినంత అలవాటు, ఆలోచించేది ఏమీ ఉండదు. నేనూ అట్లాగే అన్నిటినీ సాపు చేసి, సంబరంగా బాపును పిలిచి వినిపించాను. "నీదే బాపు!" అన్నాను.

ఆయన చివరిదాకా విన్నాడు. "మంచిగుంది. గుళ్ళె మిషన్ లెక్కనే ఉన్నది" అని లేచిపోయాడు.

చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు. మర్నాడు బార్కస్ తమ్ముడు కూడా విని మొహం ముడిచాడు. "ఇస్కీ జాన్ నికాల్ దియే అక్కా. పానం దీసినవ్." నేను సాపు చేసిందంతా చెరిపేసి, బాపు ఎట్లా కొట్టాడో అట్లాగే వదిలేశాను. వేగం పెరుగుతూ పోయే డోలు మీద పాడలేక అతను నానా తిప్పలు పడ్డాడు, చివరికొచ్చేసరికి ఊపిరి అందేది కాదు. ఆ ఊపిరి అందకపోవడమే జనానికి నచ్చింది. నీళ్ళ ట్యాంకర్ కోసం పొద్దంతా బిందెలు పట్టుకుని నిలబడే గల్లీల మీద పాట అది. ఆటోల్లో మోగింది, బరాత్‌లలో మోగింది. ఆ తర్వాతే నాకు పని దొరికింది, పేరూ దొరికింది. అన్న లేడా అని అడిగేవాళ్ళు తగ్గారు. స్టూడియో పని మానేశాను.

బాపు ఆ పాటను ఛాయ్ హోటల్‌లో విన్నాడట. ఇంటికొచ్చి చెప్పుల దగ్గరే నిలబడి చెప్పాడు.

"డోలు ఎవలు కొట్టిండ్రో గని జబర్దస్త్ ఉన్నదని ఒకడంటుండు."

"నువ్వేమన్నవ్?"

"కొట్టింది నేనే అని జెప్పిన. ఓడు నమ్మలే."

అలా అంటూ నవ్వాడు. మా బాపు నవ్విన సందర్భాల్లో నాకు గుర్తున్నది అదొకటి.

చేతిలో నాలుగు రాళ్ళు ఆడగానే నేను చేసిన మొదటి పని ఇంటికి ఇన్వర్టర్ కొనడం. ఎన్ని బీట్లు పోగొట్టుకున్నానో నాకే తెలుసు, ఇక ఆ బెంగ ఉండొద్దనుకున్నాను. కమిటీ వాళ్ళు మా ఇంట్లో లైట్లు వెలుగుతుండటం చూశారు. ఆ నెలలోనే గుడికి కూడా ఒకటి తెచ్చారు. అప్పటికే కరెంటు పోవడం కూడా అరుదైపోయింది. పోయిన ఒకటి రెండు సార్లూ బాపు అలవాటు చొప్పున అంగీ తొడుక్కుని గడప దాకా వెళ్ళాడు. రెప్పపాటు ఆగి గుడిలో లైట్లు మళ్ళీ వెలిగేవి, ఇక మిషనే మోగుతుంది. ఆయన అక్కడే నిలబడి ఒక్కొక్క గుండీ విప్పుకునేవాడు. నేను చూసీ చూడనట్టు ఉండేదాన్ని. ఏమనాలి? నేను తెచ్చిన వెలుగే కదా.

ఆ చలికాలంలో బాపుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట పోలేదు, నడక కొంచెం మిగిలింది. స్విచ్ వేయడానికి ఎడమ చెయ్యి చాలని గుడికి పోవడం మాత్రం మానలేదు.

ఈ ఏడు బోనాల ముందు కరెంటు డోలు మోటారు కాలిపోయింది. కమిటీ పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. "బిడ్డా, మీ బాపు డోలు నీ తాన రికార్డున్నదట గద. గది మైకుల పెడితే సరిపాయె. రోజు మీ బాపే కొట్టినట్టుంటది."

నాకు చుర్రుమంది. ఏదో అనబోయి బాపు వైపు చూశాను. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"కరెంటు పోతే?" అని అడిగాడు.

"ఇన్వర్టర్ ఉన్నది గద బాపు" అన్నాను.

"ఇగ పోదా?"

"పోదు."

కుడి చెయ్యిని ఎడమ చేత్తో ఒళ్ళోకి లాక్కుని, "ఇయ్యి బిడ్డా" అన్నాడు. స్విచ్ వేసేవాడిగా కాకుండా డోలు కొట్టేవాడిగా మళ్ళీ ఒక్కసారి ఆ గుడిలో ఉండాలని ఆయనకు ఎంత ఆశ ఉందో ఆ గొంతులో వినపడింది. బోనాల నాడు మంగలిని ఇంటికే పిలిపించుకుని గడ్డం గీయించుకున్నాడు. తెల్ల ధోవతి కట్టించుకున్నాడు. సాయంత్రం గుడి నిండా జనం. బాపు ఎడమ చేత్తో స్విచ్ వేశాడు, మైకులోంచి ఆయన డోలు లేచింది. తెలిసినవాళ్ళు తిరిగి ఆయన్ను చూశారు. బాపు తల ఎత్తి నిలబడ్డాడు, ఒట్టు, ఆ క్షణం చెయ్యి పడిపోయిన మనిషిలా లేడు.

కానీ పండగ కదా, అయ్యగారు అందరు దేవతలకూ హారతి తిప్పుతున్నారు. మైకులో చివరి దెబ్బ పడిపోయింది. పళ్ళెం ఇంకా తిరుగుతూనే ఉంది. గుడంతా చప్పుడు లేదు. బాపు ముందుకు నడిచి, డోలు మీది బట్ట లాగి, కింద చతికిలబడి ఎడమ చేత్తో పుల్ల అందుకున్నాడు. ధాం. ధాం. ఎడమ దిక్కు బరువు దెబ్బ ఒక్కటే, కుడి దిక్కు పలకడం లేదు. కళ్ళు అయ్యగారి చేతి మీది నుంచి తీయకుండానే నన్ను పిలిచాడు.

"రా బిడ్డా. కుడి దిక్కు నువ్వు కొట్టు."

వెళ్ళాను. కూర్చున్నాను. చెయ్యి వేశాను. పాత అట్టపెట్టె మీద తట్టినట్టు చప్పుడు వచ్చింది. మళ్ళీ వేశాను, అదే. డోలు తాకడం ఆడపిల్ల పని కాదనుకుని నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు. నా కంప్యూటర్ నిండా డ్రమ్ములే, నా చేతిలో ఒక్కటి లేదు. "నాకు రాదు బాపు" అన్నాను, ఏడుపొచ్చేసింది. ఆయన పళ్ళెం ఆగేదాకా ఒంటి చేత్తో కొట్టాడు, ఆగిన చోట ఒక్క దెబ్బ వేసి పుల్ల కింద పెట్టాడు.

తెల్లారి పెద్దాయన మళ్ళీ వచ్చాడు. "జర పొడుగు జేసియ్యి బిడ్డా." బాపు మళ్ళీ కొట్టే పరిస్థితి లేదు. నేను చేసిచ్చాను. మధ్యలోంచి ఒక ముక్క కోసి, చివరి దెబ్బకు ముందు రెండు సార్లు అతికించాను. అతుకు ఏ చెవికీ దొరకదు, అది నా విద్య.

ఆ సాయంత్రం బాపు గుడికి పోలేదు. స్విచ్ ఎవరో వేశారు. అరుగు మీద నా పక్కన కూర్చుని వింటున్నాడు. డోలు మెల్లగా మొదలైంది, జోరందుకుంది. సరిగ్గా నేను అతికించిన చోట నా చెయ్యి పట్టుకున్నాడు.

"బిడ్డా, గీడికెల్లి నేను కాదు."

"నువ్వే బాపు. నువ్వు కొట్టిందే."

"కొట్టింది నేనే. గని నేను కాదు."

రోజూ హారతి అవుతుంది. ఆ చోటు రాగానే బాపు గోడ పట్టుకుని లేచి లోపలికి పోతాడు.