తాయెత్తుల్లో చిక్కిన నిఘంటువు

మీ పిల్లవాడికి కట్టిన తాయెత్తులో ఏం రాసి ఉందో ఎప్పుడైనా విప్పి చదివించారా?

గౌస్ మాస్టారు పోయారని గురజాల బస్టాండులో విన్నప్పుడు నేను నమ్మలేదు. ముందు రోజు సాయంత్రమే ఫోనులో నాతో పోట్లాడిన మనిషి! మాచర్లలో ఉర్దూ పంతులుగా పనిచేశారు, గజళ్లు రాశారు, పల్నాటి నోళ్లలో నలిగే ఉర్దూ మాటలకు నిఘంటువు కడుతూ కన్నుమూశారు. ఒక్కో మాటకు ఒక్కో చీటీ. కోర్టు గుమాస్తా నోట విన్నా, మిర్చి కొట్లో విన్నా, ఆ మాట ఎవరన్నారో, ఎందుకన్నారో కూడా రాసేవారు. కాగితం మాత్రం ఎన్నికల కరపత్రాల వెనక వైపే. "ఈ ఊళ్లో రెండు పార్టీలూ కొట్టుకోకుండా కలిసుండేది నా రేకుపెట్టెల్లోనేనయ్యా" అనేవారు.

ఒక ముషాయిరాలో, అదే ఉర్దూ కవుల సభలో, నాయకుడొకాయన తన మీద కవిత చదవమన్నాడు. "మీ పేరుకు ప్రాసలు దొరికినయ్ గానీ, సభలో చదివేవి కావండీ" అని మాస్టారు కూర్చున్నారు.

అంతటి మనిషి మీద కూడా నాకు కోపమే. ఒకసారి ఒకావిడ జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకొచ్చి, తాయెత్తు రాసిమ్మని మాస్టారి గుమ్మంలో కూలబడింది. ఎంత చెప్పినా కదలదు. "ముందు ఆసుపత్రికి పో" అని ఉర్దూలో రాసిచ్చి, అదే మాట నోటితోనూ చెప్పి పంపారు. ఆసుపత్రిలో బిడ్డకు నయమైంది. పేరు మాత్రం చీటీకొచ్చింది.

"మందు డాక్టరుది, మహిమ నాదీనా!" అని ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. మూఢత్వంతో పరాచికాలేమిటని నిలదీశాను.

"భయంలో ఉన్న తల్లితో వాదించి గెలిచి ఏం చేస్తావయ్యా?" అన్నారు.

వాదించకపోతే ఏమైందో ఇప్పుడు చూడండి మాస్టారూ. మూడో రోజు పరామర్శకు వెళ్లేసరికి జనం తాయెత్తులు కట్టుకోడానికి మీ నిఘంటువు చీటీలు పట్టుకుపోతున్నారు. మీ కూతురు నూర్జహాన్ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"'జ' పెట్టె సగం ఖాళీ బాబాయ్. జాగా, జవాబు, జామీను అన్నీ పోయినయ్."

ఒక ముసలమ్మ చీటీని గుప్పిట్లో బిగించింది. "పెద్దాయన చేతిరాతే. మనవడికి కడతా. నీ సొమ్మేం పోయిద్ది?"

"అత్తా, దాంట్లో 'జులుం' అని ఉంది."

"ఏదైతే ఏందే, ఆయన రాసిందేగా!"

బజారులో బట్టల కొట్టాయన ఒక చీటీకి పటం కట్టించి గల్లాపెట్టె మీద పెట్టి అగరొత్తి వెలిగిస్తున్నాడు. నాతో వచ్చిన నూర్జహాన్ ఆ ఉర్దూ రాత చదివి చెప్పింది: దివాలా.

సంతాపసభలో పెద్దలు మాస్టారి సమాధి మీద గుమ్మటం కట్టిస్తామన్నారు. నిఘంటువు అచ్చు వేయిద్దామని ఒక్క నోరూ పెగల్లేదు. జీవితమంతా మాటలు పోగుచేసిన మనిషికి, ఆ మాటల్నే రాగి గొట్టంలో కుక్కి లక్కతో మూయడం నివాళా? పోయిన చీటీని మళ్లీ రాయగల చెయ్యి మట్టిలో ఉంది. అలాంటి చెయ్యి పల్నాడులో ఇంకొకటి లేదు.

అందుకే ఆయన రాసిచ్చిన మాటే నేనూ చెబుతున్నాను. జ్వరమొస్తే ముందు ఆసుపత్రికి పోండి. తాయెత్తు విప్పండి. అందులోని చీటీ తెచ్చి నూర్జహాన్ చేతిలో పెట్టండి. ఈ రోజే.