బిగుతైన డిప్ప

టైలరు గారి దగ్గర నడుము కొలత దాచడం ఎవరి తరమూ కాదు. "బాగా తగ్గానండీ" అంటూ ఊపిరి బిగబట్టేవాళ్లకి ఆయన సరేనని తలూపి, రెండంగుళాలు వదులుగానే కత్తిరిస్తారు. అంతటి మనిషి ఇంట్లోనే, ఆయన కళ్లుగప్పి మోసం జరిగిపోయింది.

కుట్టుమిషను పక్కన గాజుతొట్టెలో రెండు స్లైడర్ జాతి తాబేళ్లున్నాయి. ప్రతి ఆదివారం వాటిని తువ్వాలు మీద పెట్టి టేపుతో కొలుస్తారాయన. రోజు విడిచి రోజు చిటికెడు మేత, కాస్త ఆకుకూర. అంతకు మించి పెట్టరు. అయినా ఈ ఆదివారం చూస్తే, బిగుతు జాకెట్టు చేతుల్లోంచి పొంగినట్టు కాళ్ల దగ్గర కండ డిప్పలోంచి పొంగుకొచ్చింది.

వాటిని మళ్లీ తొట్టెలో వదిలి, "నువ్వేమైనా పెడుతున్నావా?" అని భార్యనడిగారు.

"నేనా? ఆ నీచు కంపు జోలికి నేనెందుకెళ్తానండీ!" అంటూ ఆవిడ తొట్టె పక్కనుంచి విసవిసా నడిచింది.

అంతే, గుట్టు రట్టయింది. రెండూ మెడలు సాచి, నీళ్లు చిమ్ముతూ, గాజు వెంబడే ఆవిడతో పాటు ఈదాయి.

"మీరు కునుకు తీసినప్పుడు నాకేసి అలా చూస్తుంటాయండీ. ఏం చెయ్యమంటారు?"

"మనుషులకైతే లోపల గుడ్డ వదులుతాను, లావెక్కితే కుట్లు విప్పుతాను. వీటికేం విప్పను చెప్పు?"

మర్నాటి నుంచి ఆవిడ ఇల్లు చుట్టి, పెరటి గుమ్మంలోంచి వంటింట్లోకి వెళ్తోంది. ఆ మొహాలు చూసి లేదనడం తన వల్ల కాదట.