బాగున్న కంటికే లేజర్

చోడవరం, అనకాపల్లి మధ్య ఆటో నడిపేవాణ్ణి. ఓ ఉదయం ముందు అద్దం మీద నల్లటి దారాలు వేలాడుతున్నట్టు కనిపించి, బండి ఆపి గుడ్డతో తుడిచాను. పోలేదు. మళ్లీ తుడిచాను. వెనక కూర్చున్న పెద్దాయన "అద్దం అరిగిపోతాది, బండి పోనీ బాబూ" అన్నాడు. ఎడమకన్ను మూసుకుని చూస్తే అర్థమైంది, దారాలు నా కుడికంట్లోనే ఉన్నాయి. సాయంత్రానికి ఆ కంటి ముందు ఎర్రటి తెర దిగింది.

మర్నాడు అమ్మతో విశాఖపట్నం వెళ్లాను. కంటి డాక్టరుగారు చుక్కలు వేసి చాలాసేపు చూశారు. తర్వాత "చిన్నప్పుడు ఒళ్లునొప్పులతో మంచం పట్టేవాడా?" అని అడిగారు.

"ఏటేటా వొచ్చీవి బాబూ. వాతమని కాపడం ఎట్టీవోళ్లం" అంది అమ్మ.

రక్తం తీసి సిక్లింగ్ టెస్టు, ఎలక్ట్రోఫోరెసిస్ చేశారు. సికిల్ సెల్ అని, రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే పుట్టుజబ్బని తేలింది. ఇన్నేళ్ల నొప్పులకి ఆ రోజు పేరు దొరికింది. కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

చేతినరానికి రంగుమందు ఎక్కించి కంటి లోపలి పొర రెటీనాకి ఫొటోలు తీశారు. కుడికంట్లో హెమరేజ్ అయి రక్తం నిండిందట, అది తగ్గేదాకా ఆగాలట. "తొందరగా లేజర్ చెయ్యాల్సింది ఎడమకంటికి" అన్నారు డాక్టరుగారు.

ఆ కంటితో నేను రోడ్డవతల బస్సు బోర్డు చదువుతున్నాను మరి!

"అందులోనూ కొత్త రక్తనాళాలు పుట్టాయమ్మా. లేజర్‌తో కాల్చాలి."

"కొత్తవి పుడితే మంచిదే గద బాబూ! కాల్సీడమేటి?"

"వంకర తిరిగిన రక్తకణాలు సన్న నాళాల్ని మూసేశాయి. రెటీనా అంచుకి రక్తం అందక, నాకు కావాలని గోల పెడుతోంది. ఆ గోలకి పుట్టినవి ఇవి. బలం లేనివి, చిట్లిపోతాయి. గోల పెట్టే చోటుని లేజర్‌తో కాలిస్తే ఇవి ఎండిపోతాయి."

"ఆకలికి ఏడిసే పిల్లని సంపేత్తావేటి?"

డాక్టరుగారు నవ్వలేదు. "ఆ ఏడుపు ఆపకపోతే కన్నే పోతుంది తల్లీ."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఒరే, బాగున్నదాన్ని ముట్టుకోనివ్వకురా." నేను చెయ్యి విడిపించుకున్నాను. "కన్ను నాది. నువ్వు బయట కూకో" అన్నాను.

లేజర్ మిషను స్టాండు మీద గడ్డం ఆనించి కూర్చుంటే కంట్లో ఒకటే మెరుపులు. తల పగిలిపోయింది. కదిలితే చెడుతుందని పళ్లు బిగబట్టాను. తర్వాతి సిట్టింగుకి ఎండలో, నీళ్లు తాగకుండా ప్రయాణం చేసి నొప్పులతో పడిపోయాను. ఒంట్లో నీళ్లు తగ్గితే ఈ జబ్బు నొప్పులు రేగుతాయని ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. "ఇంక సాల్రా నాయనా" అని అమ్మ ఏడ్చింది. సెలైన్ తీసి పంపగానే మళ్లీ కంటి డాక్టరు దగ్గరికే పోయాను.

ఈలోగా కుడికంట్లో రెండోసారి రక్తం కారింది. రెటీనా ఊడిపోయిందన్నారు. ఇప్పుడు దానికి వెలుతురు తెలుస్తుంది, మనిషి తెలియదు. ఎడమకంట్లో నాళాలు ఎండిపోయాయి, చూపు నిలిచింది. ఒంటికంటితో జనాన్ని ఎక్కించుకోవడం తప్పని ఆటో అమ్మేసి, రిపేరు షెడ్డు పెట్టుకున్నాను. నీళ్ల సీసా లేకుండా ఎక్కడికీ వెళ్లను.

ఇది తోబుట్టువులకీ ఉండొచ్చంటే చేయించిన రక్తపరీక్షలో మా చెల్లికీ సికిల్ సెల్ అనే తేలింది. కళ్లు చూపించుకోమంటే "నాకు సూదిలో దారం ఎక్కుతంది, నానెందుకు రావాలి?" అని ఎదురుతిరిగింది. అమ్మే దాన్ని లాక్కెళ్లి బస్సెక్కించింది. దాని కళ్లలోనూ ఆ నాళాలున్నాయి. వెంటనే లేజర్ చేశారు.

ఈ జబ్బున్నవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. చూపు బాగున్నప్పుడే చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోండి. నేను తెర దిగాక వెళ్లాను, ఒక కన్ను మిగిలింది. మా చెల్లి ముందే వెళ్లింది. దానికి రెండూ ఉన్నాయి.