తొంభై చిక్కుడు గింజలు

ఫైవిష్ గారు, తండ్రి పేరు హిర్ష్, వయస్సు డెబ్బై ఒకటి, ఇది వ్రాయువారికి ముప్పై నాలుగేళ్లుగా పరిచితులు. వృత్తి దర్జీ పని. ద్నీస్తర్ నది ఒడ్డునున్న మన యూదుల ప్రార్థనామందిరంలో ఇరవై తొమ్మిదేళ్లుగా అందరి ముందు నిలిచి ప్రార్థన నడుపుతున్నది వారే.

వసంతంలో వచ్చే పస్కా పండుగ మొదలు శరత్కాలపు పండుగల వరకు మన ప్రార్థనలో దేవుణ్ణి వాన కురిపించేవాడని స్తుతించరాదు. నోరు జారితే ఆ దీవెనను మొదటి నుండి మళ్లీ చెప్పాలి. ఈ జూన్‌లో ఫైవిష్ గారు వరుసగా మూడు శనివారాలు నోరు జారారు, మూడుసార్లూ వెనక్కి వెళ్లారు. రాబోయే పండుగలకు మరొకరిని నిలపాలని సంఘం తలచింది. ఆ మాట చెప్పడానికి మందిర పెద్ద, గడ్డి వ్యాపారి అయిన గెట్సెల్ గారు వారింటికి వెళ్లారు.

"ఏమండీ, నా గడ్డి పొలంలో ఆరుతుంటే మీరు వాన పిలుస్తారా?"

"నేనేం పిలవలేదయ్యా. ఆయనెవరో చెప్పానంతే. చలికాలంలో వాన కురిపించేవాడు ఎండాకాలంలో ఎక్కడికి పోతాడు?"

"ఆయనెక్కడికీ పోడు. పోయేది నా గడ్డి! ఇన్నేళ్లూ తప్పని నోరు ఇప్పుడెందుకు తప్పుతోంది?"

ఫైవిష్ గారు సూది పక్కన పెట్టారు. పస్కా రాగానే వాన మాట తీసేసి, మిగిలిన వాక్యాన్ని తొంభైసార్లు పలికి నాలుకకు అలవాటు చేయడం ఆచారం. ఏటా వారు పలుకుతుంటే, భార్య బ్రయ్నా గారు ఎదుట కూర్చుని చిక్కుడు గింజలతో లెక్కపెట్టేవారు. ఆమె గత ఫిబ్రవరిలో గతించారు. ఆ వాక్యం: "మృతులను బ్రతికించువాడవు నీవే."

"మందిరంలో నలుగురితో కలిసి ఎలాగో అనేస్తాను," అన్నారు ఫైవిష్ గారు. "ఈ పస్కాకు ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని పదకొండు దగ్గర ఆగిపోయాను."

"నమ్మకం కుదరకా?"

"నమ్మకం లేకపోతే బాగానే ఉండును. అన్న ప్రతిసారీ తలుపు వంక చూశానయ్యా."

గెట్సెల్ గారు లేచి, అరలోని గింజల డబ్బా దించి, కుర్చీని గుమ్మానికి అడ్డంగా వేసుకున్నారు.

"కానివ్వండి. తలుపు కనిపించకుండా నేను కూర్చుంటాను. నా మొహం చూస్తే ఎవరికీ ఆశలు పుట్టవు."

"అది మాత్రం నిజం," అన్నారు ఫైవిష్ గారు. ఆ పూట తొంభై గింజలూ పూర్తయ్యాయి. తరువాతి రెండు శనివారాలూ వాన ప్రసక్తి రాలేదు.

కావున ఫైవిష్ గారిని యథాస్థానంలోనే కొనసాగించవలసిందనీ, ఏటా పస్కా నాడు గింజలు లెక్కపెట్టే పనిని, స్వయంగా కోరుకున్నందున, గెట్సెల్ గారికే అప్పగించవలసిందనీ సంఘం పెద్దలను సవినయంగా కోరడమైనది.